తళతళ మామ చేతిలో అరిగిపోయిన దొర

ఊరి నడిబొడ్డున, నాలుగు రోడ్లు కలిసేచోట, రెండువందల ఏళ్ళనాటి దొరల చర్చి ఒకటుంది. కట్టినప్పుడు చుట్టూ మైదానం ఉండేదట. ఇప్పుడు ముందు బస్‌స్టాపు, వెనక కూరగాయల మార్కెట్టు, పక్కనే కిటికీ ఎత్తున ఫ్లైఓవరు. పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెడితే, ఆమెన్ అనేలోపు పద్నాలుగు బస్సులు హారన్ కొట్టి పోతాయి. ప్రహరీ గోడ నిండా ఫోన్ కవర్లు, బెల్టులు, చలవ కళ్ళద్దాలు వేలాడుతుంటాయి. వాటిని పక్కకు తప్పిస్తే గానీ గేటు ఎక్కడుందో దేవుడికైనా తెలియదు.

అంత గోలలోనూ చర్చి చూడ్డానికి జనం వస్తూనే ఉంటారు. పదిమంది వస్తే నలుగురు బాత్‌రూమ్ ఎక్కడని అడుగుతారు, ముగ్గురు ఫ్యాను కింద కునుకు తీస్తారు, ఇద్దరు పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకుంటారు. మిగిలిన ఒక్కడైనా దేవుడి కోసం వచ్చాడనుకుంటే పొరపాటు, వాడు బయట వాన తగ్గడం కోసం చూస్తుంటాడు. కానీ ఎందుకొచ్చినవాళ్ళయినా లోపల అడుగు పెట్టగానే ఒక్క క్షణం కళ్ళు చికిలించాల్సిందే. అక్కడి ఇత్తడి అలా మెరుస్తుంది. ఆ మెరుపంతా తళతళ మామది.

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పట్టీలో ఎక్కడో ఉంటుంది, అది పిలిచేవాళ్ళు లేక అక్కడే నిద్రపోతోంది. ముప్పై నాలుగేళ్ళ కింద గంట కొట్టడానికీ, ఊడవడానికీ, తుడవడానికీ పనిలో చేరాడు. గంట కొడితే అందరికీ వినిపిస్తుంది, మెచ్చుకునేవాడు ఉండడు. ఊడిస్తే చెత్త పోతుంది, ఊడ్చినవాడు గుర్తుండడు. ఇత్తడి రుద్దితే మాత్రం ప్రతివాడూ ఆగి, “అబ్బ, ఎవరయ్యా ఇది తోమింది” అంటాడు. ఆ ఒక్క మాట చెవిన పడ్డాక మామ మరి వెనక్కి తిరిగి చూడలేదు. మెత్తగా జల్లించిన ఇటుక పొడి, నిమ్మచెక్క, ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ, ఆఖర్న భార్య పాతచీర ముక్క. ఆయన రుద్దిన దీపపు స్తంభం మీద ఈగ వాలితే కాలు జారి నడుం విరగ్గొట్టుకునేది. తలుపు గొళ్ళెంలో ముఖం చూసుకుని గడ్డం గీసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. బైబిలు పెట్టుకునే స్టాండు గద్ద ఆకారంలో ఉండేది. మామ చేతిలో ముప్పై నాలుగేళ్ళు నలిగి, ముక్కు అరిగి, గోళ్ళు అరిగి, అది ఇప్పుడు చిలకలా ఉంది. చిన్నపిల్లలు చిలకనే అంటారు. పెద్దవాళ్ళు కూడా మొదట్నుంచీ అది చిలకేనని నమ్ముతున్నారు.

వీటన్నిటికంటే మామకు ముద్దు, గోడమీది ఇత్తడి పలక. మిగతా దొరలందరికీ పాలరాతి పలకలే, ఈ ఒక్క దొరకే ఇత్తడిది. రెండు చేతులు చాచినంత వెడల్పు, దాని నిండా ఇంగ్లీషు అక్షరాలు. మామ పనిలో చేరిన రోజుల్లో ఆ అక్షరాల సందుల్లో నల్లగా ఏదో పట్టి ఉండేది. తనకు ముందు పనిచేసినవాడు ఒట్టి బద్ధకస్తుడని, గీతల్లో మడ్డి పేరుకుపోయినా పట్టించుకోలేదని మామ తీర్మానించాడు. భార్య తలపిన్నులు తెచ్చి, రోజుకో అక్షరం చొప్పున, ఆ నల్లదాన్ని తవ్వి తవ్వి పారేశాడు. అది అక్షరాలు కనపడ్డానికి చెక్కినవాళ్ళు పోసిన నల్లరంగని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళెవరూ ఆ వైపు చూడలేదు. అక్షరాలు కూడా బంగారంలా అయ్యాయని మామ మురిసిపోయి, ఆపైన ఇటుక పొడి అందుకున్నాడు. రోజూ చూసే మనిషి ముసలివాడవడం మనకు తెలియనట్టే, అక్షరాలు లోతు తగ్గడం మామకు తెలియలేదు.

మామకు ఆ నెలాఖరుకు అరవై నిండుతాయి. గంట గోపురం కింద ఒక గదీ, వంటకు ఒక మూలా ఇచ్చారు ఆయనకు. ఉద్యోగం ఉంటేనే గది. కూతురింటికి పోదామంటే అక్కడ రెండు గదుల్లో ఏడుగురున్నారు, ఇంకో ఇద్దరు వస్తే ఎవరో ఒకరు నిలబడి పడుకోవాలి. ఇంకో రెండేళ్ళు ఉండనివ్వండని మామ కమిటీకి అర్జీ పెట్టుకున్నాడు. కమిటీ అంటే పేరుకి తొమ్మిదిమంది, లెక్కకి సెక్రటరీ ఒక్కరు. ఆ సెక్రటరీ గారికి ఒక బావమరిది, ఆ బావమరిదికి పనీ లేదు, గదీ లేదు. అతగాడు అప్పటికే రెండుసార్లు టేపు పట్టుకొచ్చి, మంచం పడుతుందా లేదా అని మామ గదిని కొలుచుకుపోయాడు. రెండోసారి వచ్చినప్పుడు మామ భార్య కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, “మమ్మల్ని కూడా కొలుచుకోండి బాబూ, బయట పెట్టడానికి పనికొస్తుంది” అంది.

సరిగ్గా అప్పుడే సముద్రాల అవతలినించి ఉత్తరం వచ్చింది. ఇత్తడి పలక దొరగారి వంశంలో పుట్టిన ఒక పెద్దావిడ, ఆయన జ్ఞాపకార్థం పెట్టిన పలకను కళ్ళారా చూసుకోవడానికి వస్తోందట. ఆదివారం ఆరాధనకు ఉంటుందట. ఇంకేముంది, చర్చికి సున్నం, గేటుకు రంగు, సెక్రటరీ గారికి కొత్త కోటు. స్వాగత ప్రసంగంలో దొరగారి ఘనతను నాలుగు మాటల్లో చెప్పాలి కదా, పలక మీద ఏముందో రాసుకుందామని ఆయన బుధవారం పొద్దున కాగితం, కలం పట్టుకుని వెళ్ళి పలక ముందు నిలబడ్డారు. కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు. కొత్త కోటులో తాను నిక్షేపంలా కనపడ్డారు గానీ దొర కనపడలేదు.

మామను కేకేశారు. అక్షరాలేమయ్యాయని అడిగితే మామకు ప్రశ్నే అర్థం కాలేదు. దగ్గరికి వెళ్ళి వేలుపెట్టి తడిమాడు. “ఇవిగో ఉన్నాయి కదండీ” అన్నాడు. ఆయన వేలికి ఉన్నాయి మరి. సెక్రటరీ గారు కూడా తడిమి చూశారు. ఆయన వేళ్ళు సంతకాలకు తప్ప దేనికీ వాడలేదు, నున్నగా తగిలింది. మామ ఈసారి కళ్ళు పెట్టి చూశాడు. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి అది ఆయనకు బోడిగా కనపడింది.

“నువ్వేమైనా చేశావా దీన్ని?”

“తుడుస్తున్నానండి. అంతే.”

“ఆదివారం కానీ. తర్వాత నీ అర్జీ సంగతి చూస్తాం” అని ఆయన వెళ్ళిపోయారు.

సాయంత్రం కమిటీ కూర్చుంది. మామ నీళ్ళందిస్తూ అంతా విన్నాడు. కొత్త పలక చెక్కిద్దామన్నారు, సరే, ఏమని చెక్కాలి? ఒక పెద్దాయన, ఆ దొర ఏడు యుద్ధాలు గెలిచిన సేనాధిపతి, తాను చిన్నప్పుడు చదివానన్నారు. ఆర్గన్ వాయించే టీచరమ్మ, కానే కాదు, భార్య పోయిన దిగులుతో అన్నం మానేసి చనిపోయాడని, తాను చదివి ఏడ్చానని అంది. ఇంకొకాయన ఈ చర్చి కట్టించిందే అతననీ, మరొకాయన వంతెన కట్టించాడనీ పట్టుబట్టారు. నలభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం ఆ పలకకు ఎదురుగా కూర్చున్నవాళ్ళు అందరూ. ఒక్కరు కూడా చదివిన పాపాన పోలేదని మూడు నెలల కింద వచ్చిన పాస్టరు గారికి అర్థమైంది, కొత్తవారు కాబట్టి పైకి అనలేదు. ఆఖరికి, ఎవరి దొర వారికి ఉండనివ్వండని సర్దుకుని, పలక మొత్తం కప్పేసేలా బండిచక్రమంత పూలచక్రం పెట్టిద్దామనీ, ఆవిడ మరీ తొంగి చూస్తే ఫ్లైఓవరు పొగ తినేసిందని చెబుదామనీ తీర్మానించారు.

మామ గదికొచ్చి కూలబడ్డాడు. సంగతంతా చెప్పి, మురికనుకుని దొరగారి పేరే గీకి పారేశానే అన్నాడు. భార్య బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది. ఆ రోజుల్లో తన తలపిన్నులు డజన్లకొద్దీ ఎటు పోయాయో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

“పోయింది పోయింది. దొర వచ్చి అడుగుతాడా? ఆదివారం దాకా నీకు నోరు లేదనుకో. గది దక్కాలంటే మూగవాడివి నువ్వు” అంది.

మామ తలూపాడు. నోరు మూసుకోవడం ఆయనకు కష్టం కాదు. చేతులు ఊరుకోవాలి, అదీ చిక్కు.

శుక్రవారం మధ్యాహ్నం, ఎండ చురచురలాడుతున్న వేళ, ట్యాక్సీ డ్రైవరొకడు ఒక తెల్లావిడను వెంటబెట్టుకుని లోపలికొచ్చాడు. ఆవిడకు డెబ్బై ఉంటాయి. కొంగంత పొడవు, కొంగంత సన్నం. ఫొటోలు తీయించుకుంటున్న పెళ్ళిజంటను తప్పుకుని, చిలకను దాటి, తిన్నగా ఇత్తడి పలక ముందుకెళ్ళి ఆగింది. పూలచక్రం ఇంకా రాలేదు, అది ఆదివారం పొద్దున వస్తుంది. ఆవిడ సంచిలోంచి కాగితం తీసి, పలక వంకా కాగితం వంకా మార్చి మార్చి చూస్తోంది. మామ స్తంభం చాటుకు తప్పుకున్నాడు. ఆదివారం రావలసిన గండం రెండు రోజులు ముందే వచ్చి నిలబడింది.

డ్రైవరు చిటికేసి పిలిచాడు. “మామా, ఇటు రా. ఈమె పెద్ద ఇంటావిడ. ఆదివారం కమిటీవాళ్ళ హడావుడి ఎలాగూ ఉంటుంది, ముందుగా ఒంటరిగా చూసుకుంటానని వచ్చింది. ఈమె తాతకి తాత ఉన్నాడే, ఆయన అన్నగారిదట ఈ పలక. ఇరవై ఏళ్ళు ఈ సీమనంతా ఏలాడట. పులుల్ని కొట్టాడట, వంతెనలు కట్టాడట. ఇంట్లో ఇంత గడ్డంతో ఆయన బొమ్మ ఉందట. ఈమె ఊరూరా తిరిగి ఆయన మీద ఉపన్యాసాలు ఇస్తుందట. ఇంతకీ, దీని మీద రాతేదీ?”

మామ మూగవాడయ్యాడు. డ్రైవరు రెండోసారి అడిగాడు. చెవుడు కూడా వచ్చింది.

ఆవిడ కోప్పడలేదు. చేయి పైకెత్తి పలక మీద వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని, మెల్లగా తడమడం మొదలుపెట్టింది. తప్పుచోట తడుముతోంది. పేరు అక్కడ లేదు, దానికి జానెడు పైనుంది. మామ చూశాడు, ఓర్చుకున్నాడు. ఆవిడ వేళ్ళు ఇంకా కిందికి పోయాయి. అక్కడ ఒట్టి అంచు తప్ప ఏమీ ఉండదు. ముప్పై నాలుగేళ్ళు ఆ పలకను ఒళ్ళంతా ఎరిగినవాడికి అది చూస్తూ నిలబడటం, పక్కింటివాడు మన పొయ్యి మీద కూర మాడబెడుతుంటే చూస్తూ కూర్చోవడం లాంటిది. గదీ గుర్తుంది, భార్య మాటా గుర్తుంది, టేపు పట్టుకున్న బావమరిదీ గుర్తున్నాడు. అయినా బోర్డు మీద పాటల నంబర్లు రాసే సుద్దముక్క తీసి నేల మీద చతికిలబడ్డాడు.

“చదవడం నాకు రాదని చెప్పు. వాటి రూపాలు మటుకు తెలుసు, గీస్తానని చెప్పు” అన్నాడు డ్రైవరుతో.

మామకు ఏ అక్షరం పేరూ తెలియదు, ఆయన పెట్టుకున్న పేర్లు ఆయనకున్నాయి. నిచ్చెన, గుడారం, పాము, కుండ, కొడవలి. మొదటి వరుసలో నిచ్చెన, తర్వాత గుడారం, తర్వాత కాలు విరిగిన కుర్చీ. కళ్ళు మూసుకుని, ఎడంచేతి వేలు గాల్లో ఆడిస్తూ, కుడిచేత్తో నేల మీద దించాడు. పెళ్ళిజంట ఫొటోలు మానేసి వచ్చి నిలబడింది. అరగంట పట్టింది. ఒక పాము తలకిందులైతే చెరిపి మళ్ళీ గీశాడు. మొత్తం ఆరు వరుసలు. లేచి, మోకాళ్ళ సుద్ద దులుపుకుని, జడ్జి ఉరిశిక్ష చదువుతుంటే ముద్దాయి నిలబడ్డట్టు నిలబడ్డాడు.

ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది. వెళ్ళి బల్ల మీద కూర్చుంది.

డ్రైవరు వచ్చీరాని ఇంగ్లీషులో కూడబలుక్కుని చదివి, గొంతు తగ్గించాడు. “ఇరవై రెండేళ్ళవాడట మామా. ఓడ దిగిన పదకొండో రోజున జ్వరమొచ్చి పోయాడట. ఇక్కడ ఇతన్ని ఎరిగినవాళ్ళు ఎవరూ లేనందువల్ల, ఓడలో తోడొచ్చినవాళ్ళు పెట్టించారట. అంతే ఉంది.”

పులులూ లేవు, వంతెనలూ లేవు. ఇరవై ఏళ్ళ ఏలుబడి పదకొండు రోజులకు దిగింది, అందులోనూ ఎన్ని రోజులు మంచం మీద ఉన్నాడో. గడ్డం మొలిచేంత వయసు కూడా సరిగ్గా లేదు పిల్లవాడికి. మామ ఆ మాట విని పలక వంక చూశాడు. తాను ఇన్నాళ్ళూ తోమింది పెద్ద పొట్టా, మీసాలూ ఉన్న దొరననుకున్నాడు. పోయినప్పుడు అతగాడు మామ పెద్ద మనవడికంటే రెండేళ్ళు పెద్దవాడు.

కాసేపటికి ఆవిడ డ్రైవరును పిలిచి ఏదో చెప్పింది. డ్రైవరు తల గోక్కుంటూ వచ్చాడు. “మామా, నేల తుడిచేయమంటోంది. ఇంట్లో నూటయాభైమంది చుట్టాలున్నారట, అందరూ ఆ గడ్డం బొమ్మకే దండం పెడతారట. ఈ వయసులో వాళ్ళకు ఇది చెప్పలేనంటోంది. ఇది ఎవరు అరగదీశారో ఆమె అడగదు. ఏం రాసుందో నువ్వు చెప్పొద్దు.”

మామకు ఇంతకంటే తేలిక ఒప్పందం జీవితంలో తగల్లేదు. తడిగుడ్డ తెచ్చి ఆరు వరుసలూ ఒక్క చుట్టులో తుడిచేశాడు. దొర రెండోసారి కూడా ఆయన చేతుల్లోనే పోయాడు.

వెళ్ళబోతూ ఆవిడ కిటికీ వెలుగు వాలుగా పడేచోట నిలబడి, వంగి పలకను చూసింది. కింద కుడిమూల, పలక చుట్టూ కొట్టిన చెక్క పట్టీ ఒరుసుకున్నచోట, మామ గుడ్డ సరిగ్గా దూరక, బొటనవేలంత మేర రెండు నిలువు గీతలు ఇంకా మిగిలున్నాయి. పదకొండు. ఆవిడ దానిమీద వేలుంచి, మామ వంక చూసి, దాన్ని కూడా రుద్దేయమన్నట్టు చేయి ఆడించింది. దానికి డ్రైవరు అక్కర్లేకపోయింది. మామ తలూపాడు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. పూలచక్రం వచ్చింది, నిజంగానే బండిచక్రమంత ఉంది. సెక్రటరీ గారు ఏడు యుద్ధాలు, ఒక వంతెన, కొంచెం భార్యావియోగం కలిపి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఫ్లైఓవరు పొగ దగ్గరికి రాగానే ఆ పెద్దావిడ లేచి వెళ్ళి, తన చేత్తోనే పూలచక్రాన్ని పక్కకు జరిపింది. సెక్రటరీ గారి ప్రసంగం అక్కడే ఆగింది. ఇత్తడి ధగధగా మెరిసింది, ముందువరసలో కూర్చున్నవాళ్ళు తమ ముఖాలు తామే చూసుకున్నారు. ఆవిడ చెప్పింది, పాస్టరు గారు తెలుగులో చెప్పారు. ఎన్నో దేశాల్లో తనవాళ్ళ సమాధులు చూసిందట, అన్నీ పాచిపట్టి ఉన్నాయట, ఇంత శ్రద్ధగా చూసుకున్నది ఇక్కడేనట. కొత్త పలక వద్దు, ఇదే ఉండాలి, ఈ మెరుపు తెచ్చిన చేతులు కూడా ఇక్కడే ఉండాలి అందట. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సెక్రటరీ గారే. ఆ మధ్యాహ్నమే కమిటీ కూర్చుని, రెండేళ్ళు అడిగిన మామకు చేతులు ఆడినంతకాలం అని రాసిచ్చింది. బావమరిది టేపు చుట్టుకుని వేరే గదులు వెతుక్కుంటూ పోయాడు.

డ్రైవరు నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరక్కుండా సంగతి బస్‌స్టాపుకు తెలిసింది, కూరగాయల మార్కెట్టుకు తెలిసింది, బెల్టులవాళ్ళకు తెలిసింది. కమిటీకి మాత్రం ఇప్పటికీ తెలియదు. వాళ్ళు యుద్ధాలు ఏడా ఎనిమిదా అని వాదించుకుంటున్నారు.

ఆ ఆదివారం మర్నాడే, సోమవారం తెల్లవారగానే మామ మాట నిలబెట్టుకుందామనే కూర్చున్నాడు. ఇటుక పొడి అద్దాడు, నిమ్మచెక్క పిండాడు. పలకంతా రుద్దుకుంటూ వచ్చి ఆ మూల దగ్గర గుడ్డ ఆపాడు. భార్య గంట గోపురం గుమ్మంలోంచి చూసి, చెయ్యి పట్టేసిందా అని అడిగింది. లేదన్నాడు. మరేంటని అడిగింది. ఏం లేదన్నాడు. గుడ్డ మడిచి, మిగతా పలకకు ఆఖరి మెరుగు పెట్టి లేచాడు. మంగళవారమూ అంతే, ఆ తర్వాతా అంతే. రెండు నెలలు తిరిగేసరికి ఆ రెండు గీతల చుట్టూ బొటనవేలంత మేర ఇత్తడి కమిలి, నల్లబడి, అంత మెరుపులో దిష్టిచుక్కలా కొట్టొచ్చినట్టు కనపడసాగింది. చూడ్డానికొచ్చిన వాళ్ళు కూడా వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టారు. కూతురు వచ్చి, నాన్నకు చూపు తగ్గిందని తల్లితో గుసగుసలాడి వెళ్ళింది.

ఆఖరికి సెక్రటరీ గారి కంట పడింది.

“ఏమయ్యా, ఊరంతా నీ మెరుపు గురించి చెప్పుకుంటుంటే, ఆ మూల ఆ నలుపేంటి?”

తన చేతికి పోని మరక లేదని ఊళ్ళో ఉన్న ప్రతి ఇత్తడి సామాను మీదా ఒట్టేసి చెప్పగలిగిన మనిషి, తళతళ మామ, తల వంచుకుని గుడ్డ భుజాన వేసుకున్నాడు.

“అది పోదండి. చాలా రుద్దాను” అన్నాడు.